పిటిహెచ్ 214, డి విటమిన్ 9: ఆపరేషనా, సాషేలా?

రవి_డల్లాస్: అమ్మకి 61, ఏలూరులో ఉంటుంది. ఏడాదిగా తొడలు లాగేస్తున్నాయి, కింద కూర్చుంటే చెయ్యి పట్టుకుని లేపాల్సొస్తోంది. పిటిహెచ్ అనే పారాథైరాయిడ్ హార్మోన్ 214 (65 దాటకూడదట), డి 9, కాల్షియం 11.4. ఒక డాక్టరేమో డి లేక ఎముకలు మెత్తబడ్డాయి సాషేలు వాడండి అంటారు, ఇంకొకాయన పారాథైరాయిడ్ గ్రంథి తీసేయాలంటున్నారు.

శీను_గుంటూరు: ఆపరేషన్ జోలికి పోమాకండి బ్రదర్. డి తగ్గితే పిటిహెచ్ పెరుగుద్ది, ఎవర్నడిగినా చెప్తారు. వారానికొక 60 వేల యూనిట్ల సాషే పాలల్లో కలిపి ఎనిమిది వారాలు తాగించండి, అదే దిగుద్ది.

పద్మజ_కె: శీను గారూ, కాల్షియం చూశారా అసలు? ఒక్క డి లోపమే అయితే కాల్షియం తక్కువో నార్మలో ఉండాలి. 11.4 అంటే ఎక్కువే, అంత ఉన్నప్పుడు పిటిహెచ్ అణిగిపోవాలి, అణగలేదంటే గ్రంథే మాట వినట్లేదు. మెడలో బియ్యపు గింజంతవి నాలుగుంటాయి, చాలామందిలో ఒకటి గడ్డలా పెరిగి ఎముకల్లో కాల్షియం తోడి రక్తంలో పోస్తుంది. మా అత్తయ్యకి మోకాళ్ళు అరిగాయని రెండేళ్ళు ఇవే సాషేలు, కాల్షియం ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు, రెండుసార్లు కిడ్నీలో రాళ్ళు, ఆఖరికి బాత్రూంలో జారితే తుంటి విరిగింది.

నల్గొండ_యాది: మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు తాగినోళ్ళకు గూడ పిటిహెచ్ పెరుగుతది, కాళ్ళు వంకర పోతయి. బోరు నీళ్ళా అడుగుర్రి.

రవి_డల్లాస్: మునిసిపాలిటీ నీళ్ళే అన్నా.

శీను_గుంటూరు: మేడం, డి 9 ఉంది. దానికి జవాబు చెప్పండి.

పద్మజ_కె: రెండూ కలిసి ఉండొచ్చు, మన దగ్గర మామూలే. డి తక్కువుంటే కాల్షియం కూడా ఉన్నదానికన్నా తక్కువ కనబడుతుంది. డి ఇవ్వొద్దని నేననలేదు, కాల్షియం చూసుకుంటూ సర్జరీకి ముందే ఇస్తారు, లేదంటే గ్రంథి తీశాక ఆకలి మీదున్న ఎముకలు కాల్షియం మొత్తం లాగేసుకుంటాయి. మీలాంటి వాళ్ళు సాషే చాలు చాలు అనబట్టే మా అత్తయ్య తుంటి పోయింది.

శీను_గుంటూరు: నాలాంటోళ్ళా? మా అమ్మకి థైరాయిడ్ గడ్డన్నారు, కోశారు, బయాప్సీలో ఏం లేదు. మీరు చెప్పే బియ్యపు గింజలు కూడా దాంతోపాటే పోయినయ్. ఆరేళ్ళు. ఒక్కపూట కాల్షియం బిళ్ళ మర్చిపోతే మూతి చుట్టూ తిమ్మిరి, చేతులు కొంకర్లు. కోసినాయన సారీ కూడా చెప్పలా. ఇప్పుడు నన్నొచ్చి ఆపరేషన్ మంచిదనమంటారా?

పద్మజ_కె: అయ్యో, అది తెలీదండి. కానీ అది గ్రంథులు పోయిన బాధ, ఇది గ్రంథి పెరిగిన బాధ.

శీను_గుంటూరు: పోగొట్టింది కత్తే కదండీ.

వెంకట్77: రవి గారూ, ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారో ఆ సర్జన్నే అడగండి.

రవి_డల్లాస్: అడుగుతాను. ఆల్బుమిన్‌తో (రక్తంలో ఉండే ప్రొటీన్) కలిపి కాల్షియం మళ్ళీ చేయించాం, 11.6. శుక్రవారం మెడ స్కాన్.

శీను_గుంటూరు: డి మళ్ళీ చేయించారా?