పీఎం కిసాన్ ఏప్రిల్ విడత పడలేదు, ఏం చూసుకోవాలి? (2020 నాటి ప్రశ్నోత్తరాలు; పోర్టల్, రైతు భరోసా వివరాలు అప్పటివి)

ప్రశ్న: లాక్‌డౌన్ సాయమని కేంద్రం వేసిన 2,000 ఊళ్లో చాలామందికి ఏప్రిల్‌లోనే పడ్డాయి. నాన్నకు పడలేదు. మే 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసే రైతు భరోసా 5,500 మాత్రం ఆయన ఖాతాలో జమయ్యాయి. ఆ రెండు వేలు ఇక పోయినట్టేనా? కొందరు మళ్లీ కొత్తగా రిజిస్టర్ చేయించమంటున్నారు.

జవాబు: పోలేదు తమ్ముడూ. ముందు ఆ కొత్త రిజిస్ట్రేషన్ జోలికి వెళ్లొద్దు. ఏ నాలుగు నెలల కాలంలో పేరు పీఎం కిసాన్ పోర్టల్‌కి ఎక్కిందో ఆ విడత నుంచే హక్కు. అనర్హత తప్ప మరే కారణంతో ఆగినా, ఆ కారణం తీరగానే ఆగిన విడతలన్నీ పడాలి, నిబంధన అదే. ఇంకోటి, మార్చి 26న గరీబ్ కల్యాణ్ ప్యాకేజీలో ప్రకటించినా ఇది అదనపు సొమ్ము కాదు. ఏటా ఇచ్చే 6,000లో ఏప్రిల్–జులై విడతనే ముందుగా వేశారు. రైతు భరోసా తొలి విడత 7,500లో రాష్ట్రం 5,500 వేసింది ఈ 2,000 తీసేసే.

పోర్టల్‌లో ఫార్మర్స్ కార్నర్, బెనిఫిషియరీ స్టేటస్‌లోకి వెళ్లి ఆధార్ నంబరు కొట్టి చూడు. 2019 డిసెంబరు 1 నుంచి ఆధార్‌తో సరిపోలితేనే డబ్బు కదులుతుంది. మన దగ్గర ఎక్కువగా తేడా కొట్టేది ఇంటిపేరు: భూమి పాస్‌బుక్‌లో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. దాన్ని ‘ఎడిట్ ఆధార్ ఫెయిల్యూర్ రికార్డ్స్’లో సరిచేయొచ్చు. పేరు ఆధార్ కార్డు మీద ఇంగ్లిష్‌లో ఎలా ఉందో అలాగే, ఖాళీలతో సహా కొట్టాలి.

ఇంకొకరు: స్టేటస్‌లో ‘ఆర్‌ఎఫ్‌టీ (డబ్బు బదిలీకి అభ్యర్థన) సైన్డ్ బై స్టేట్’ అని ఉంటే రాష్ట్రం తన వంతు పంపేసిందని అర్థం. ‘ఎఫ్‌టీఓ జనరేటెడ్, పేమెంట్ కన్ఫర్మేషన్ పెండింగ్’ అంటే చెల్లింపు ఆదేశం (ఎఫ్‌టీఓ) వెళ్లింది, ఆగి చూడడమే. ఈ రెంటిలో ఏది ఉన్నా ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. ఖాతా తిరస్కరించారని వస్తే బ్యాంకు పాస్‌బుక్, ఆధార్ జిరాక్సులతో గ్రామ సచివాలయంలో వ్యవసాయ సహాయకుడిని కలవండి. బ్యాంకులోనూ ‘ఆధార్ ఇచ్చాం కదా’ అని వదిలేయకండి, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్‌తో వచ్చే డబ్బు ఏ ఖాతాలో పడాలో కలపడం) అయిందా అని అడగండి. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు చివరగా మ్యాప్ అయిన ఖాతాకే పోతుంది, అది సిమ్ కొన్నప్పుడు తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా అయినా సరే. ఫోన్లో *99*99*1# కొడితే ఏ బ్యాంకో తెలుస్తుంది.

ప్రశ్న: మా అన్నయ్య ప్రభుత్వ ఉద్యోగి. దానివల్ల ఆపారేమో?

జవాబు: ఆయన మేజరు కదా, నాన్న కుటుంబం లెక్కలోకి రాడు. ఈ పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, మైనరు పిల్లలే. నాన్నకో అమ్మకో ప్రభుత్వ ఉద్యోగం గానీ, నెలకు 10,000 అంతకు మించిన పెన్షన్ గానీ, కిందటి అసెస్‌మెంట్ సంవత్సరంలో కట్టిన ఆదాయపు పన్ను గానీ ఉంటే అనర్హత. గ్రూప్ డి ఉద్యోగులకు మినహాయింపు ఉంది.

ఇంకొకరు: పట్టా ఇంకా తాతగారి పేరునే ఉన్నవాళ్లు ముందు 1బి (రెవెన్యూ భూమి రికార్డు)లో పేరు మార్పించుకోండి. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికి ఇవ్వరు, వారసత్వంగా వచ్చినదానికి ఇస్తారు. కౌలుదార్లకు కేంద్రం సొమ్ము రాదు. భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లు పంట సాగుదారు హక్కు కార్డుతో రైతు భరోసాకు అడగొచ్చు. భూయజమాని సంతకం పెట్టాల్సింది 11 నెలల ఒప్పందం మీదే, దానివల్ల ఆయన పట్టాకు ఏమీ కాదు. ఆ సంగతి ఆయనకు అర్థమయ్యేలా చెప్పి అడగండి.