బాస్కెట్‌బాల్ కోసం జూనియర్ కాలేజీలో చేరడం సరైనదేనా?

ఫ్రిస్కో నాన్న: మావాడు ఈ మే నెలలో హైస్కూల్ పూర్తి చేస్తాడు. 6 అడుగుల 3 అంగుళాలు, పాయింట్ గార్డ్. డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీ ఒక్కటీ పిలవలేదు. వెస్ట్ టెక్సస్‌లో ఒక జూనియర్ కాలేజీ (మన ఇంటర్ కాదు, హైస్కూల్ తర్వాత రెండేళ్ల కాలేజీ, జూకో అంటారు) ఫీజు, పుస్తకాలు, హాస్టల్, భోజనం అన్నీ ఇస్తానంటోంది. చదువుకి మంచి పేరున్న డివిజన్ 3 కాలేజీలోనూ సీటొచ్చింది, కానీ డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. "రెండేళ్లు జూకోలో ఆడతా, తర్వాత డివిజన్ 1, ఆ తర్వాత ప్రో" అంటాడు వాడు. మా ఆవిడ ససేమిరా వద్దంటోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రాజమండ్రి రవి: పంపండి సర్. ఎన్‌బీఏ (అమెరికా పెద్ద ప్రొఫెషనల్ లీగ్) స్టార్ జిమ్మీ బట్లర్ ఎక్కణ్ణుంచి వచ్చాడు? టెక్సస్‌లోని టైలర్ జూనియర్ కాలేజీ నుంచే. అక్కడ ఒక్క ఏడాది ఆడి మార్కెట్ (Marquette) యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ మొదటి సీజన్‌లో మ్యాచ్‌కి ఆరు పాయింట్లు కూడా లేవు. అయినా 2011 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) షికాగో బుల్స్ 30వ పిక్‌గా తీసుకుంది. లారీ జాన్సన్ ఒడెస్సా కాలేజీలో ఆడి, 1991లో ఏకంగా మొదటి పిక్ అయ్యాడు. ఒడెస్సా కూడా మీ వెస్ట్ టెక్ససే.

సుగుణ, హ్యూస్టన్: రవిగారూ, పైకొచ్చినవాళ్ల పేర్లే మనకి తెలుస్తాయి. డ్రాఫ్ట్‌లో ఉండేది రెండు రౌండ్లు, దాదాపు 60 మంది. దానికి ప్రపంచమంతా పోటీ.

మా అక్క కొడుకు ఇదే దారిలో వెళ్లాడు. ఒకసారి చూడ్డానికి వెళ్తే, ఏడు గంటలు బస్సులో వచ్చి అర్ధరాత్రి చీలమండ ఐస్ బకెట్‌లో పెట్టుకుని మ్యాథ్స్ హోంవర్క్ చేస్తున్నాడు. ఆ కష్టం చూసి నాకు కన్నీళ్లాగలేదు. కష్టానికి భయపడి చెప్పడం లేదండీ. తీసుకున్న కోచ్ మరుసటి ఏడాదే వెళ్లిపోయాడు. కొత్తాయన వీణ్ణి బెంచ్‌కే పరిమితం చేశాడు. తర్వాత వేరే కాలేజీకి మారితే 21 క్రెడిట్లు చెల్లవన్నారు. ఒక సెమిస్టర్‌కి పైనే పోయింది. మా అక్కకి ఆ బాధ ఇంకా తీరలేదు.

కోర్ట్ సైడ్ కిరణ్: సుగుణగారు చెప్పిన క్రెడిట్ల సంగతే అన్నిటికన్నా ముఖ్యం. ఇంకోటి, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చాక పెద్ద కోచ్‌లు డివిజన్ 1లో ఆడేసిన 22 ఏళ్ల కుర్రాళ్ల వైపే ముందు చూస్తున్నారు. జూకో పిల్లలకి పోటీ పెరిగింది.

అలాగని తలుపు మూసుకుపోలేదు. ప్రో అంటే ఎన్‌బీఏ ఒక్కటే కాదు, యూరప్ లీగులు ఉన్నాయి, ఎన్‌బీఏకి కింది లీగైన జీ లీగ్ ఉంది. జీ లీగ్‌లో మామూలు ఒప్పందానికి సీజన్‌కి 40 వేల డాలర్ల పైచిలుకు. మన ఐటీ ఇళ్లల్లో ఆ అంకె వినగానే మొహం చిట్లిస్తారు. కానీ ఆట మీద ప్రాణం పెట్టుకున్న పిల్లాడికి అది తక్కువ కాదు. నేనైతే పంపుతాను, రెండేళ్లలో అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల డిగ్రీ) చేతికొచ్చే కోర్సులు తీసుకుంటేనే.

ఫ్రిస్కో నాన్న: అందరికీ థాంక్స్. సుగుణగారి పోస్ట్ మా ఆవిడకీ వాడికీ చదివి వినిపించాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడే ఆ కాలేజీ కోర్సుల పట్టిక తీసి, ఏవి యూనివర్సిటీలో చెల్లుతాయో వెతకడం మొదలుపెట్టాడు. శనివారం కోచ్‌తో మాట్లాడుతున్నాం. గత మూడేళ్లలో ఆయన దగ్గర ఆడినవాళ్లు ఎక్కడెక్కడ చేరారో, ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారో అడుగుతాను. ఆయన ఏం చెప్పారో ఇక్కడే రాస్తాను.