‘ఏడేళ్ళు నలభై తొమ్మిది’లో గుణకారం గుర్తు ఎక్కడ ఉంది?

హనుమకొండ నుంచి:

మా మనవరాలు రెండో తరగతి. బడిలో ఎక్కాలు ఇంగ్లీషులోనే చెబుతున్నారు కాబట్టి సాయంత్రం పూట తెలుగు ఎక్కాలు నేను చెప్పిస్తున్నాను. ఆరో ఎక్కం దాకా సాఫీగా నడిచింది. నిన్న ‘ఏడేళ్ళు నలభై తొమ్మిది’ అనగానే పిల్ల ఆగిపోయింది. ‘‘అమ్మమ్మా, నాకూ ఏడేళ్ళే కదా! మరి నలభై తొమ్మిది ఎవరికి?’’ అని అడిగింది. చిన్ననాటి నుంచి నోట నానుతున్న మాటే, అయినా అందులో ‘ఏళ్ళు’ ఏమిటో నేనూ ఎన్నడూ ఆలోచించలేదు. పుస్తకంలో 7 × 7 = 49 అని ఉంది. నోటితో చెప్పేటప్పుడు ఆ రెండు గుర్తులూ ఎక్కడికి పోతున్నాయి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జగిత్యాల నుంచి:

అమ్మా, మీ మనవరాలు రెండు వేర్వేరు మాటలు ఒకే రూపంలో కలిసిపోయిన చోట పట్టుకుంది. సంవత్సరం అనే అర్థంలో పాత రాత ‘ఏఁడు’, అరసున్నతో. అంకె మాత్రం ‘ఏడు’, అరసున్న లేదు. తమిళంలో సంవత్సరం ‘ఆండు’, ఏడు ‘ఏళు’. అంటే మొదటిదానిలోనే సున్న ఉంది. ఏఁడుకు బహువచనం ఏండ్లు. పండ్లు పళ్ళయినట్టు ఏండ్లు ఏళ్ళయింది. అంకె ఏడేమో తాడు తాళ్ళయినట్టు నేరుగా ఏళ్ళయింది. అరసున్న రాతలోంచి పోయాక తేడా చూపే గుర్తు లేకుండా పోయింది. మన ఇళ్ళలో వయసు చెప్పేటప్పుడు ఇప్పటికీ ‘ఏడేండ్లు’ అంటాం కదా, ఆ పాత సున్న అక్కడ చెవికి వినిపిస్తూనే ఉంది. పాపతో వయసుకు ఏండ్లు, ఎక్కానికి ఏళ్ళు అని చెప్పి చూడండి.

వరంగల్ నుంచి, లెక్కల టీచరును:

పై వివరణ చాలా బాగుంది. గుర్తుల సంగతి నేను చెబుతాను, ఇది నాకు ప్రాణమైన విషయం.

గుణకారం గుర్తు ఎక్కడికీ పోలేదు. ‘ఏళ్ళు’లోని ‘లు’ అదే. రెండు రెళ్ళు, మూడు ఆర్లు, నాలుగు తొమ్మిదులు: ప్రతిచోటా రెండో అంకె బహువచనమైంది. అంకెను వస్తువులా చూసి, అలాంటివి ఇన్ని ఉన్నాయని చెబుతున్నాం. ‘ఐదు మామిడిపండ్లు’ అన్నట్టే ‘ఐదు ఏళ్ళు’. ఒకటికి కూడా బహువచనం ఉంది చూడండి: మూడు ఒకట్లు.

సమానం గుర్తు విషయానికి వస్తే, తెలుగుకు ఆ చోట క్రియ అక్కర్లేదు. ‘ఆమె డాక్టరు’ అంటాం, మధ్యలో ఏమీ పెట్టం. ‘ఏడేళ్ళు నలభై తొమ్మిది’ కూడా అలాంటి వాక్యమే. ఇంగ్లీషు వాక్యానికి అక్కడ క్రియ లేకపోతే కుదరదు. వేల్స్‌లో పుట్టిన రాబర్ట్ రికార్డ్ 1557లో అచ్చయిన తన పుస్తకంలో ‘దీనికి సమానం’ అని మాటిమాటికీ రాయడం విసుగనిపించి రెండు సమాంతర గీతలు గీశాడు. వాటికన్నా సమానమైనవి ఇంకేముంటాయని ఆయన వాదన. × గుర్తు విలియం ఆట్రెడ్ పుస్తకంతో 1631లో వచ్చింది. అంటే ఈ గుర్తులు మొదట వాక్యాలే. వాక్యాలను కుదించి రాసుకున్నారు.

ఇంకొకటి. ‘నలభై’ అసలు రూపం నలుబది, అంటే నాలుగు పదులు. నలభై పక్కన తొమ్మిది పెడితే కలిపినట్టు. కాబట్టి నలభై తొమ్మిది అన్న పేరులోనే ఒక గుణకారం, ఒక కూడిక ఉన్నాయి. 49లో ఆ పని అంకె నిలబడిన స్థానం చేస్తుంది. పదుల స్థానం, వందల స్థానం అన్నప్పుడు మళ్ళీ అదే ‘లు’ విభక్తి ముందు ‘ల’ అయింది. పిల్లలకు 49ని బొమ్మలా కాక వాక్యంలా చదవడం ముందు నేర్పాలని నా గట్టి నమ్మకం.

జనగామ నుంచి:

సార్, ఒక అభ్యంతరం. ‘ఏడు మూళ్ళు’, ‘మూడు ఏళ్ళు’ వ్యాకరణం ప్రకారం వేర్వేరు మాటలు. రెండూ ఇరవై ఒకటే అని తెలుగు వాక్యం ఎక్కడ చెబుతోంది? మరి అరను అరతో గుణిస్తే ఏ ‘లు’ పెడతారు?

వరంగల్ టీచరు:

మంచి ప్రశ్నలు. మొదటిదానికి తెలుగు వాక్యం ఒక్కటే చాలదు, ఒప్పుకుంటాను. కళ్ళతో చూడాలి. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు ఏడు వరుసల్లో వరుసకు మూడేసి పేర్చారనుకోండి. పక్కకు తిరిగి నిలబడితే అవే మూడు వరుసల్లో ఏడేసి. బస్తా ఒక్కటీ కదల్లేదు. వాక్యం మారింది, విలువ మారలేదు. గణితంలో దాన్ని నియమంగా రాసుకున్నాం.

రెండోదానికి తెలుగు ఇంకో మాట ఇస్తుంది. అరలో అర పావు. పూర్ణాంకాలకు ‘లు’, భిన్నాలకు ‘లో’. గుణిస్తే పెరుగుతుందనుకునే పిల్లలకు 1/2 × 1/2 = 1/4 మింగుడు పడదు. ‘అరలో అర’ అంటే వెంటనే తలూపుతారు. ఇది తరగతిలో చాలాసార్లు చూశాను. రుణసంఖ్యల దగ్గర మాత్రం ‘లు’, ‘లో’ రెండూ సాయానికి రావు. బ్రహ్మగుప్తుడు 628లో ధనం, రుణం అనే సంపద, అప్పుల మాటలతోనే నియమాలు చెప్పాడు. కానీ అప్పును అప్పుతో గుణిస్తే ధనం అవడానికి ఏ ఇంటి పద్దులోనూ పోలిక దొరకదు. అక్కడ నియమమే దారి చూపాలి.

హనుమకొండ నుంచి:

అందరికీ నమస్కారాలు. ఈ రోజు సర్వపిండి చేశాను. గుండ్రంగా ఎర్రగా కాలిన దాన్ని పాప ముందు పెట్టి ‘‘అర తుంచు’’ అన్నాను. తుంచింది. ‘‘అరలో అర?’’ అంటే ఇంకోసారి తుంచి పావు ముక్క చేతికిచ్చింది. వేరుశనగ పలుకులు అంచున రాలాయి, ఏరుకుని తిన్నది. తర్వాత ఏడు పలుకులు ఒక వరుసలో పెట్టి, అలాంటి వరుసలు ఇంకో ఆరు పేర్చి, ‘‘ఇవి ఏళ్ళు, నావి ఏండ్లు’’ అని తనే చెప్పింది. ఇంతలో పావు ముక్క చూసి ‘‘పావులో పావు?’’ అని అడిగింది. దానికి మనకు పేరుంది. వీసం అన్నాను. నిజంగా పదహారు ముక్కలవుతాయా లేదా అని ఇప్పుడు వంటింట్లో కూర్చుని తుంచుతోంది.