జడ్జికి ఓటు ఎలా వేయాలి? విస్కాన్సిన్‌లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

నమస్కారమండీ. మేం అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో ఉంటాం, ఈమధ్యే సిటిజన్‌షిప్ వచ్చింది. ఎమ్మెల్యేకి ఓటేయడం తెలుసు గానీ, జడ్జికి ఓటేసిన వాళ్లు మా వంశంలోనే లేరు!

ఇక్కడి రాష్ట్ర సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీలు, ఒక్కొక్కరికి 10 ఏళ్ల పదవి. బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. కానీ 2025 ఏప్రిల్ 1 నాటి ఎన్నిక గురించి చదివితే తల తిరిగింది. ఎలాన్ మస్క్ వైపు డబ్బుతో కలిపి సుమారు 10 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయట. గెలిచిన సూసన్ క్రాఫర్డ్ అప్పటికి డేన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) జడ్జి. అంతకుముందు డెమోక్రాట్ గవర్నర్ జిమ్ డోయల్ దగ్గర న్యాయ సలహాదారు. ఓడిన బ్రాడ్ షిమెల్ ఒకప్పుడు రిపబ్లికన్‌గా గెలిచి రాష్ట్ర అటార్నీ జనరల్ అయినాయన. మరి పార్టీ లేదనడం ఎవరి కోసమో!

నా సందేహం ఇదీ: టీవీ ప్రకటనలు పక్కనపెడితే, కౌంటీ జడ్జిగా పనిచేసిన అభ్యర్థి పాత తీర్పులు మనలాంటి వాళ్లకి చదవడానికి దొరుకుతాయా? పై కోర్టు ఎన్నిటిని కొట్టేసిందో చూస్తే సరిపోతుందా? మా ఆవిడైతే “ఎవరు డబ్బిచ్చారో చూడు, చాలు” అంటోంది. మీరెలా తేల్చుకుంటున్నారు?