క్లోన్‌కు దక్కింది హక్కా, వారసత్వమా? 'ది హౌస్ ఆఫ్ ది స్కార్పియన్' ముగింపు మీద చర్చ

మాధవి_ఆర్:
ముగింపు చెప్పేస్తున్నాను, నవల చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

నాన్సీ ఫార్మర్ 2002లో రాసిన ఈ టీనేజ్ నవలను క్లోన్ల పౌరహక్కుల కథగా మెచ్చుకుంటారు. చివరి మలుపు ఆ మెప్పుకు తగదని నా వాదన. నల్లమందు సామ్రాజ్యాన్ని ఏలే ఎల్ పత్రోన్, తనకు గుండె అవసరమైనప్పుడు పనికొస్తాడని మాట్ అనే క్లోన్‌ను పెంచుతాడు. పిల్లవాడి అరికాలి మీద 'అలక్రాన్ ఎస్టేట్ ఆస్తి' అని రాసి ఉంటుంది. అందరూ అతన్ని పశువుల్లో జమకడతారు. ముసలాయన చచ్చిపోగానే ఒక అంతర్జాతీయ సూత్రం బయటికొస్తుంది: ఒకే మనిషి ఏకకాలంలో ఇద్దరుగా ఉండకూడదు, అసలువాడు పోతే నకలే అసలు. దాంతో మాట్ మనిషే కాదు, సామ్రాజ్యానికి యజమాని కూడా అవుతాడు.

ఇందులో హక్కు ఎక్కడుంది? ఎల్ పత్రోన్‌లాంటి మరో మత్తుమందుల దొర మెక్‌గ్రెగర్, అతని క్లోన్‌ను ఆసుపత్రి మంచానికి కట్టేసిన దృశ్యం గుర్తుందా? ఆ పిల్లవాడి 'అసలు' బతికే ఉన్నాడు కాబట్టి ఈ సూత్రం అతనికి ఏమీ ఇవ్వదు.

సత్యం_లా:
మాధవి గారూ, ఆ సూత్రం అన్యాయమని పాఠకుడికి తెలియాలనే రచయిత్రి అలా పెట్టారని నేననుకుంటాను. ఈజిట్ల సంగతి చూడండి. వాళ్లు క్లోన్లు కారు. సరిహద్దు దాటబోయి పట్టుబడ్డ మామూలు మనుషులు. మెదడులో చిప్పు పెడితే, నీళ్లు తాగమని ఎవరైనా చెప్పేదాకా దాహంతోనే పని చేస్తారు. మనిషిగా పుట్టడం వాళ్లను కాపాడలేదు. కాబట్టి 'క్లోన్ మనిషేనా' అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే చాలదని నవలే చెబుతోంది.

చరిత్ర కూడా ఇలాగే నడిచింది. 1662లో అమెరికాలోని అప్పటి ఇంగ్లిష్ వలస వర్జీనియా ఒక చట్టం చేసింది: బిడ్డ బానిసా, స్వతంత్రుడా అన్నది తల్లి స్థితిని బట్టి తేలుతుంది. అంతకుముందు ఇంగ్లిష్ సంప్రదాయంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి ఉండేది. ఈ ఒక్క మార్పుతో యజమాని తన బానిసకు కన్న బిడ్డ కూడా అతని ఆస్తే అయింది. నవలలో మాట్‌ను మోసింది ఆవు. కడుపును బట్టి హోదా తేల్చే పద్ధతి అక్కడా అదే.

కణం:
ఆవు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆవు మాయ (ప్లాసెంటా), మనిషి మాయ నిర్మాణంలోనే వేరు, ఆవు కడుపులో మనిషి బిడ్డ పెరగడం జరిగే పని కాదు. నవల మొదట్లో 36 పిండాలుంటాయి, చివరికి ఒక్కటే బతుకుతుంది. నిజంగా ఇది చాలా ఉదారమైన లెక్క. అండంలోంచి కేంద్రకం తీసి, శరీర కణాన్ని చేర్చి, విద్యుత్ ఘాతంతో కలపడం చేతిపని. కష్టమంతా తర్వాతే: ముదిరిన కణం డీఎన్ఏ మీద పేరుకున్న గుర్తులను అండం చెరిపి, మళ్లీ మొదటి దశకు తేవాలి. అది సగంలో ఆగితే మాయ చెడుతుంది, గర్భం పోతుంది, లేదా పుట్టిన పిల్ల ఊపిరాడక పోతుంది. 1996లో స్కాట్లాండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో 277 అండాలను శరీర కణాలతో కలిపితే 29 పిండాలు దక్కాయి. వాటిని 13 గొర్రెల్లో పెడితే పుట్టింది డాలీ అనే ఒక్క గొర్రెపిల్ల. 2018లో చైనాలో ప్రకటించిన కోతుల ప్రయోగంలో, గర్భస్థ కోతిపిల్ల కణాలతో చేసిన 79 పిండాలను 21 కోతుల్లో పెడితే రెండు పిల్లలు బతికాయి. పెద్ద కోతి కణాలతో 181 పిండాలను 42 కోతుల్లో పెడితే పుట్టిన రెండూ త్వరలోనే చనిపోయాయి. ఎల్ పత్రోన్‌వి కూడా పెద్దవాడి కణాలే.

ఆవును పెట్టడం వల్ల ఈ కథల్లోంచి ఒక మనిషి మాయమైపోయింది. ఇన్ని గర్భాలు మోసి, ఇన్ని పోగొట్టుకునే స్త్రీ హక్కుల గురించి ఈ కోవ నవలలు దాదాపుగా మాట్లాడవు. నాకు అదే పెద్ద లోటు.

ఇక 'ఒకే మనిషి ఇద్దరుగా' అన్న సూత్రం. క్లోన్‌లో మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) డీఎన్ఏ అండం ఇచ్చిన ఆమెది. ఆ లెక్కన క్లోన్ కన్నా అచ్చు కవలలే ఒకరికొకరు దగ్గర. కవలల్లో ఒకరు బతికున్నంతకాలం రెండోవాడు మనిషి కాడని ఏ చట్టమూ అనదు.

మాధవి_ఆర్:
ఈజిట్ల విషయంలో సత్యం గారి మాట కాదనను. కానీ కవలల ఉదాహరణ నా వాదనకే బలమిస్తోంది. మన రాజ్యాంగంలో 14 (సమానత్వం), 21 (ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ) అధికరణలు 'వ్యక్తి'కి వర్తిస్తాయి, 19వ అధికరణ (వాక్ స్వాతంత్ర్యం వంటివి) పౌరులకే. పౌరసత్వ చట్టం తల్లిదండ్రులెవరని అడుగుతుంది. క్లోన్ అక్కడ చిక్కుకోవచ్చు. ప్రాణానికి మాత్రం ఆ ప్రశ్నతో పనిలేదు. నవలలో అలాంటి ఒక్క వాక్యం చాలు, మెక్‌గ్రెగర్ క్లోన్ కూడా దాని కిందకు వస్తాడు. ఫార్మర్ ఆ తలుపు తెరవలేదు.

సత్యం_లా:
వాక్యం రాసి ఉన్నా, దాన్ని పట్టుకుని ఎవరు అడుగుతారు? మన దగ్గర హెబియస్ కార్పస్ (బందీని కోర్టు ముందుకు తెమ్మని అడిగే) పిటిషన్‌ను బందీ తరఫున ఇంకొకరు వేయొచ్చు. మాట్‌కు అలా నిలబడే మనిషి ఉంది, పెంచిన వంటామె సీలియా. ఆమె వెళ్లడానికి ఆ రాజ్యంలో కోర్టే లేదు. అందుకే పిల్లవాడికి కొద్దికొద్దిగా ఆర్సెనిక్ విషం పెట్టి, అతని గుండె మార్పిడికి పనికిరాకుండా చేసింది. 2013లో వచ్చిన కొనసాగింపులో అధికారం మాట్ చేతికొచ్చాక, అతని ముందున్న పని ఈజిట్లను విడిపించడం. ముగింపును తూచేటప్పుడు ఆ రెండో పుస్తకాన్నీ లెక్కలోకి తీసుకోండి.