ఈ వారం సమస్య: "వేడి నీరు పోయ బిగిసె తలుపు"

నిర్వాహకుడు:
సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే: వేడి, నీరు, పోయ, బిగిసె, తలుపు. యతి "వే"కి "బి". పైన మూడు పాదాలు మీవి. సీసానికి ఎత్తుగీతిగా తెచ్చినా సరే.

వస్తువు చలిదేశాల్లో కారు తలుపు గడ్డకట్టడం. ఈసారి పద్యాన్ని రెండు విధాల పరీక్షిస్తాం. ఛందస్సు కాకినాడ మాస్టారు చూస్తారు. చెప్పిన ఉపాయం చలిలో నిజంగా పనిచేస్తుందా అన్నది మంచుప్రాంతాల సభ్యులు చూస్తారు. పద్యం నమ్మి ఎవరైనా కెటిలు పట్టుకుని బయటికి వెళితే తప్పు మనదే అవుతుంది కాబట్టి, రెండో పరీక్షలో మొహమాటాలు వద్దు.

బఫలో సభ్యుడు:

ఆ.వె.
మంచు పట్టె ననుచు మరిగించి తెచ్చిన
నీరు కొంత సేపు నిలిచి చల్ల
బడగ గట్టి గడ్డ పగులగొట్టగ రాదు
వేడి నీరు పోయ బిగిసె తలుపు

కాకినాడ మాస్టారు:
గణాలు, యతులు నిర్దోషం. "చల్ల" రెండో పాదంలో ఆగి "బడగ" మూడో పాదంలోకి జారడం కూడా బాగుంది. నీరు జారినట్టే మాటా జారింది. నాదొక సందేహం. మరిగిన నీళ్ళు గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుంది? మా ఊళ్ళో ఆ లెక్క తెలిసే అవకాశం లేదు.

మినియాపోలిస్ సభ్యుడు:
మాస్టారూ, "కొంత సేపు" అన్న మాటతోనే నాకు పేచీ. చెంబులో ఉన్న నీరు నిలుస్తుంది గానీ తలుపు మీద పోసిన నీరు పల్చటి పొరగా పరుచుకుంటుంది. అవతల ఉన్నది −20 డిగ్రీల్లో రాత్రంతా నానిన ఇనుము. పొరలోని వేడినంతా అది క్షణాల్లో లాగేసుకుంటుంది. పైమంచు కొంత కరుగుతుంది, నిజమే. కానీ ఆ కరిగిన నీరు, పోసిన నీరు కలిసి కిందికి దిగి తలుపు చుట్టూ ఉండే రబ్బరు అంచు గాడిలో చేరతాయి. అంతకుముందు అక్కడక్కడా అతుక్కున్న రబ్బరు అప్పుడు పొడుగునా అతుక్కుంటుంది. గొళ్ళెం పెట్టెలోకి దిగితే ఇంకా కష్టం, అక్కడికి చెయ్యి పోదు.

అద్దం సంగతి కూడా పద్యంలో ఉంటే బాగుండేది. పక్క అద్దాలు సాధారణంగా టెంపర్డ్ గాజు, అంటే వేడిచేసి గట్టిపరిచినది. బయటి ముఖం ఒక్కసారి వేడెక్కి లోపలి ముఖం చల్లగానే ఉంటే అద్దం మొత్తం పలుకులై రాలిపోవచ్చు. ముందు అద్దం రెండు పొరల గాజు కాబట్టి రాలదు. కానీ దాని మీద చిన్న రాయిదెబ్బ ముందే ఉంటే అక్కడి నుంచి చీలిక సాగుతుంది.

డెట్రాయిట్ సభ్యురాలు:

ఆ.వె.
తాళపు చెవి దూరు తావులో నీరున్న
ఆల్కహాలు చుక్క లైదు చాలు
మరచి దాని నొకడు మరుగు కెటిలు తెచ్చి
వేడి నీరు పోయ బిగిసె తలుపు

కాకినాడ మాస్టారు:
రెండో పాదంలో "ఆ"కి "చుక్కలు + ఐదు" సంధిలోని ఐకారంతో స్వరయతి. అ, ఆ, ఐ, ఔ ఒకే జట్టు. ఆల్కహాలును గలగలగా విరిచి సూర్యగణాల్లో కూర్చోబెట్టడం ముచ్చటేసింది.

విన్నిపెగ్ సభ్యురాలు:
పద్యానికి నమస్కారం అమ్మా, కానీ ఐదు చుక్కలు చాలవు. తాళం లోపల ఇత్తడి పలకలు వరసగా ఉంటాయి, ఒక్కోదాని వెనక సన్నటి స్ప్రింగు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది కదా, ఆ ఉబ్బుకి పలకలు ఎక్కడివక్కడ బిగుసుకుంటాయి. అన్నీ కదిలితేనే తాళం తిరుగుతుంది. చుక్కలు మొదటి పలక దగ్గరే ఆగిపోతాయి.

చెయ్యాల్సింది ఇలా. రంధ్రం నోట్లో దుమ్ము ఆపే చిన్న రేకు మూత ఉంటుంది. డీఐసర్ (గడ్డ కరిగించే ఆల్కహాలు మందు) గొట్టం ముక్కుతో దాన్ని లోపలికి నొక్కి రెండు సెకన్లు పిచికారీ కొట్టాలి. అర నిమిషం ఆగాలి. తాళంచెవి పెట్టి, తిప్పకుండా, నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించాలి. మళ్ళీ కొట్టాలి. చెవి చివరిదాకా దిగాకే మెల్లగా తిప్పాలి. సగం దిగిన చెవిని తిప్పితే మెడ దగ్గర విరిగి ముక్క లోపలే ఉండిపోతుంది. అప్పుడు తాళాలవాణ్ణి పిలవడం తప్ప దారి లేదు.

ఏ ఆల్కహాలు అన్నది కూడా చెప్పాలి. శుద్ధమైన ఐసోప్రొపైల్ −89 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మందుల షాపులో దొరికే 70 శాతం సీసా మాత్రం −30 దరిదాపుల్లో తానే గట్టిపడుతుంది. పైగా మంచు కరిగేకొద్దీ ఇంకా పల్చబడుతుంది. మా ఊళ్ళో −40 వచ్చే రోజులుంటాయి. సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ కలిసే అంకె అది. అక్కడ 99 శాతం సీసాయే కొనాలి. వోడ్కా పోయొచ్చా అని చాలామంది అడుగుతారు. 40 శాతం కాబట్టి −10లో పనిచేస్తుంది, −30లో చెయ్యదు.

డెట్రాయిట్ సభ్యురాలు:
ఒప్పుకుంటున్నానండీ, "ఐదు చాలు" యతి కోసం వచ్చిన అంకె. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో ఆల్కహాలు సాధారణంగా 60 శాతానికి పైనే ఉంటుంది. సీసా అందుబాటులో లేకపోతే అది తాళంచెవికి పూసి లోపలికి పంపినా పని జరుగుతుంది. జిగురు మిగులుతుంది కాబట్టి తర్వాత శుభ్రం చెయ్యాలి.

టొరంటో సభ్యుడు:
లైటరుతో తాళంచెవిని కాల్చి పెట్టే పద్ధతి ఎవరూ పద్యంలోకి తేకముందే ఒక మాట. కెనడాలో 2007 సెప్టెంబరు 1 నుంచి తయారైన కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ (సరైన చెవి లేకపోతే ఇంజను లేవనివ్వని పరికరం) తప్పనిసరి. అంటే చెవి తలలో చిప్ ఉంటుంది. అది కాలితే తలుపు తెరుచుకున్నా ఇంజను లేవదు. రిమోట్ లోంచి బయటికి లాగే ఒట్టి ఇనుప చెవి అయితే, పటకారుతో పట్టుకుని కొస మాత్రం వేడి చెయ్యొచ్చు. అయితే అంతకుముందు ఆల్కహాలు కొట్టి ఉంటే ఆ ఊసే వద్దు, ఆవిరి అంటుకుంటుంది. నోటితో ఊదడం కూడా మానాలి. ఊపిరిలోని తేమ లోపలికి వెళ్ళి గడ్డకడుతుంది, పెదవి ఇనుముకి అతుక్కుంటే చర్మం ఊడుతుంది.

ఇక నా పూరణ, క్రమాలంకారంలో, అంటే పై ప్రశ్నలకు చివరి పాదంలో వరసగా జవాబులు:

ఆ.వె.
మంచు శత్రు వేది? మరల గడ్డౌ నేది?
దాని జల్ల నేమి తానొనర్చె?
క్రమముగాను వినుడు కఠిన శీతపు వేళ
వేడి, నీరు, పోయ బిగిసె తలుపు

కాకినాడ మాస్టారు:
మంచుకి శత్రువు వేడి, మళ్ళీ గడ్డ అయ్యేది నీరు. ఈ రెండు జవాబులూ సూటిగా అతికాయి. మూడోది వదులుగా ఉంది. "తానొనర్చె"లో "తాను" ఎవరు? ప్రశ్నలో తలుపు లేదు, జవాబులో హఠాత్తుగా వచ్చింది. "దాని జల్ల నేమి తలుపు చేసె?" అంటే సరిపోతుంది. యతి దా–త, అదే వర్గం. గణాలూ చెడవు.

టొరంటో సభ్యుడు:
దిద్దుకున్నాను మాస్టారూ. ప్రశ్నలోనే తలుపు ఉండాలన్నది న్యాయం.

రోచెస్టర్ సభ్యుడు:

ఆ.వె.
కారు కడిగి వెంట గదికి చేర్చక యున్న
రబ్బరంచు లోన చెమ్మ నిలిచె
తెల్లవాఱి చూడ తెల్లని గడ్డయై
వేడి నీరు పోయ బిగిసె తలుపు

కాకినాడ మాస్టారు:
రెండో పాదంలో యతి తప్పింది. "ర"కి "చె" కుదరదు. "రబ్బరంచు చెమ్మ రాత్రి నిలిచె" అనండి, ర–రా యతి పడుతుంది, కాలమూ చెప్పినట్టవుతుంది. భావం మాత్రం నాకు నచ్చింది. వ్యాధి ఎక్కడ మొదలైందో చెప్పిన మొదటి పూరణ ఇది.

మినియాపోలిస్ సభ్యుడు:
నిజం. గడ్డకట్టిన తలుపుల్లో తాళం పాత్ర తక్కువ, రబ్బరు పాత్ర ఎక్కువ. తేడా చప్పుడు విని పట్టొచ్చు. రిమోట్ నొక్కినప్పుడు లోపల "టక్" మని మోటారు తిరిగిన చప్పుడు వచ్చి, పిడి కూడా మామూలుగా కదిలి, తలుపు మాత్రం రాకపోతే పట్టుకున్నది రబ్బరు. చప్పుడే రాకపోతే రిమోట్ బ్యాటరీ చలికి నీరసించిందేమో ముందు చూడాలి. కోటు లోపల పెట్టుకుని కాసేపు వెచ్చబరిచి మళ్ళీ నొక్కండి. రబ్బరు పట్టిన తలుపుని తాళంలో ఎంత స్పిరిట్ పోసినా తెరవలేరు.

మొదటి పాదం మీద నా అభ్యంతరం. గదికి చేర్చినంత మాత్రాన చెమ్మ పోదు. వెచ్చదనం లేని గ్యారేజీలో అదే గడ్డ కడుతుంది. చెయ్యాల్సిన పని తుడవడం. నాలుగు తలుపులూ, వెనక డిక్కీ కూడా తెరిచి, పొడిగుడ్డతో రబ్బరునీ అది ఆనే ఇనుప అంచునీ రెంటినీ తుడవాలి. తలుపు అడుగున నీరు కారడానికి చిన్న బెజ్జాలుంటాయి. బురదతో మూసుకుపోతే నీరు తలుపు పొట్టలోనే ఉండిపోతుంది, పుల్లతో పొడిచి తెరవాలి. "కారు కడిగి వెంట గట్టిగా తుడువక" అంటే యతికీ ఇబ్బంది ఉండదు కదా మాస్టారూ?

కాకినాడ మాస్టారు:
కా–గ, భేషుగ్గా ఉంది. "తుడువక" నాలుగు లఘువులు, నలము. పద్యం ఇప్పుడు ఇలా నిలబడుతుంది:

కారు కడిగి వెంట గట్టిగా తుడువక
రబ్బరంచు చెమ్మ రాత్రి నిలిచె
తెల్లవాఱి చూడ తెల్లని గడ్డయై
వేడి నీరు పోయ బిగిసె తలుపు

రోచెస్టర్ సభ్యుడు:
ఇద్దరికీ ధన్యవాదాలు. తుడిచాక పూత సంగతి కూడా రాస్తాను. సిలికాన్ స్ప్రేని గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో రబ్బరంతా పల్చగా రాయాలి. నేరుగా రబ్బరు మీద కొడితే సీట్లకీ అద్దానికీ పడి మరకలవుతాయి. వాజలైన్ వద్దు. ఈ అంచులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరు, పెట్రోలియం జిడ్డు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది.

విన్నిపెగ్ సభ్యురాలు:
ఇంతవరకు వేడి నీటిని దోషిగానే నిలబెట్టారు. నేను దాన్ని ఉపకారిగా చూపిస్తాను.

ఆ.వె.
గొళ్ళెము పడకుండ కొట్టుకొనుచు నుండ
రబ్బరు చిరుసంచి రక్ష యయ్యె
గడియ సేపు పెట్ట కరగెను, సంచిలో
వేడి నీరు పోయ బిగిసె తలుపు

కాకినాడ మాస్టారు:
ఇది పూరణ! నీరు పోసింది తలుపు మీద కాదు, కాపడం పెట్టుకునే సంచిలో. బిగిసింది మొరాయించి కాదు, పడాల్సిన గొళ్ళెం పడి. సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా నిందని మెప్పుగా మార్చారు. "గడియ"లో తలుపు గడియా కాలపు గడియా రెండూ పలకడం అదనపు అందం.

మినియాపోలిస్ సభ్యుడు:
కాలపు గడియ అయితే 24 నిమిషాలు, చలిలో అంతసేపు నిలబడక్కర్లేదు. ఐదు నిమిషాలు చాలు. మిగతాదంతా సరైన వైద్యమే. పొడివేడి కాబట్టి కొత్త నీరు చేరదు.

తెరుచుకున్న తలుపు మళ్ళీ పడకపోవడం గురించి తక్కువమంది రాస్తారు, అసలు ప్రమాదం అక్కడే. తలుపు అంచున కనిపించే కొక్కెం నోరు తెరిచి ఉండాలి. అది తెరిచి ఉండి కూడా కదలకపోతే తలుపు కొట్టి వెనక్కి వస్తుంది. కొందరు తాడుతో కట్టి నడిపేస్తారు, అలా ఎప్పుడూ చెయ్యొద్దు. సంచిలో 50 డిగ్రీల నీరు మూడింట రెండొంతులు నింపి, బిరడా బిగించి, గుడ్డ చుట్టి కొక్కెం మీద అదమాలి. తర్వాత స్పిరిట్ కొట్టి, స్క్రూడ్రైవరుతో కొక్కేన్ని లోపలికి తోసి చూడాలి. రెండుసార్లు "టిక్, టిక్" మంటే బాగైనట్టు. ఒకటి సగం పట్టు, రెండోది పూర్తి పట్టు. పరీక్ష అయ్యాక పిడి లాగి కొక్కేన్ని మళ్ళీ తెరవడం మర్చిపోకూడదు. మూసుకున్న కొక్కెంతో తలుపు విసిరితే స్తంభానికున్న ఇనుప కమ్మీకి గుద్దుకుని రెండూ వంగుతాయి.

నిర్వాహకుడు:
అందరి సూచనలూ కలిపి నా ప్రయత్నం:

సీ.
బలిమితో లాగక భారాన నొత్తుము,
పగిలి రాలును పొర పట్టు విడిచి
విసురుగ తిప్పిన విరుగును తాళమ్ము,
స్పిరిటును చల్లుము చిల్లులోన
సిలికాను పూయుము చెమ్మను తుడిచియు,
జిడ్డు నూనెల జోలి చెల్ల దెపుడు
దాచుము జేబులో ద్రవపు సీసా నీవు,
కారులో నుంచిన కలదె ఫలము

ఆ.వె.
ఇన్ని తెలిసి యుండి యెవ్వరో తొందర
పడుచు కెటిలు తెచ్చి పరుగు పెట్టి
ఆగకుండ వచ్చి యద్దమ్ము పైనుండి
వేడి నీరు పోయ బిగిసె తలుపు

కాకినాడ మాస్టారు:
సీసం నడక హాయిగా ఉంది. "సి"కి "చె", "స్పి"కి "చి" సరైన యతులే. చ వర్గానికి సకారంతో మైత్రి ఉంది. "పరుగు పెట్టి", "ఆగకుండ వచ్చి" రెండూ ఒకే పని. ఒకదాన్ని వాడి రెండోదాని చోట మరో విషయం చెప్పి ఉండొచ్చు. "తాళమ్ము" అని చెవిని అనడం వాడుకలో ఉన్నదే, పట్టింపు లేదు.

బఫలో సభ్యుడు:
మొదటి పాదం మీద చిన్న చేర్పు. "భారాన నొత్తుము" అన్నది అరచేత్తో కాదు, తుంటితోనో భుజంతోనో, తలుపు నాలుగు అంచుల దగ్గరా ఆనుకుని వత్తాలి. రబ్బరు నలిగితే మధ్యనున్న మంచు చిట్లుతుంది. అప్పుడు లాగాలి. అది చెయ్యకుండా పిడి పట్టి గుంజితే పిడి ప్లాస్టిక్కో లోపలి తీగో తెగుతుంది. చుట్టూ ఫ్రేము లేని అద్దాల కార్లలో ఇంకో చిక్కు ఉంది. పిడి లాగగానే అద్దం కొంచెం కిందికి దిగితేనే తలుపు వదులుతుంది. అద్దం అతుక్కుని ఉంటే దిగదు, బలవంతపెడితే దాన్ని దించే యంత్రం పాడవుతుంది. ముందు అద్దం అంచు విడిపించుకోవాలి. అన్నిటికంటే ముందు మిగతా మూడు తలుపులూ, డిక్కీ లాగి చూడాలి. గాలి తగలని వైపు తలుపు ఒక్కోసారి ఊరికే వస్తుంది. ఒకటి తెరుచుకుంటే లోపలికి దూరి ఇంజను వేసి హీటరు పెట్టేస్తే సరిపోతుంది. మూసి ఉన్న గ్యారేజీలో మాత్రం ఇంజను వెయ్యకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

విన్నిపెగ్ సభ్యురాలు:
మూడో పాదంలో "నూనెల జోలి" రబ్బరుకి చెప్పినా తాళానికీ వర్తిస్తుంది. డబ్ల్యూడీ-40 తేమని తరిమేస్తుంది, అత్యవసరానికి వాడొచ్చు. కానీ చలికాలమంతా అదే నమ్ముకుంటే దుమ్ము పట్టి జిగురవుతుంది. స్పిరిట్ కూడా లోపలున్న పాత కందెనని కడిగేస్తుంది కాబట్టి, తాళం ఆరాక పొడి కందెన వెయ్యాలి, గ్రాఫైట్ పొడి గానీ పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) స్ప్రే గానీ. నూనె ఉన్న తాళంలో గ్రాఫైట్ వేస్తే నల్లటి ముద్దై చలి లేని రోజు కూడా పలకలు కదలవు.

నిర్వాహకుడు:
మాస్టారు చెప్పిన పునరుక్తి తీసేస్తున్నాను. మూడో పాదం "ఆరుబయట నున్న యద్దమ్ము పైనుండి". ఆ–(య)అ యతి అలాగే ఉంది, కారు ఎక్కడుందో కూడా తెలిసింది. ఈ వారం ఉత్తమ పూరణ విన్నిపెగ్ సభ్యురాలిది. రోచెస్టర్ సభ్యుడి పద్యం దిద్దిన రూపంలో రెండోది. బఫలో సభ్యుడు "కొంత సేపు" మార్చి పంపితే దాన్నీ సంకలనంలో చేరుస్తాను.

బఫలో సభ్యుడు:
"నీరు గాడి లోన నిలిచి చల్ల" అని మార్చాను. నీ–ని యతి ఉంది, నీరు చేరే చోటూ వచ్చింది.

కాకినాడ మాస్టారు:
చేర్చేయండి.