అప్‌డేట్: టారో పెట్టె మూత వంగిపోయే సమస్య తీరింది

మూడు వారాల కిందట అడిగాను కదా, 78 టారో కార్డుల (జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల కార్డులు) డెక్ కోసం బైండింగ్ అట్టతో పెట్టె చేసి పైన పెడన కలంకారీ గుడ్డ అంటిస్తే, ఆరాక మూత నాలుగు మూలలూ పైకి లేస్తున్నాయని. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. లోపలి వైపు కూడా కాగితం అంటించమన్న సలహానే పనిచేసింది.

మా వీధి చివర పుస్తకాలు బైండింగ్ చేసే పెద్దాయనకి పాత మూత చూపిస్తే, బొటనవేలితో అంచు నొక్కి చూసి, "ఒకవైపే అంటించావమ్మా, బంక తడికి సాగిన గుడ్డ ఆరేటప్పుడు ముడుచుకుని అట్టని తనవైపు లాగేస్తుంది, లోపల ఎదురు లాగేది ఒకటి ఉండాలి" అన్నారు. అట్ట పోగు ఎటుంటే కాగితం పోగూ అటే ఉండాలని కూడా చెప్పారు. పోగు అంటే లోపలి నారలు సాగే దిక్కు: అట్టని వంచితే ఏ దిక్కున మడత గీత తేలిగ్గా పడుతుందో, ఆ గీత వెంబడే పోగు ఉన్నట్టు.

ఈసారి ఫెవికాల్ బాగా పల్చగా రాసి, రెండు వైపులా అంటించి, లావు నిఘంటువు కింద రెండు రోజులు ఉంచాను. మూత పెడితే ఇప్పుడు చుట్టూ ఎక్కడా సందు లేదు, నాకెంత సంతోషమో!

వానాకాలం తేమ అనుకుని పడ్డ టెన్షన్ అనవసరం. అంతకుముందు మందం అట్ట కూడా కొని చూశాను, అదీ అలాగే వంగింది.

పెట్టె అడుగున ఒక రిబ్బన్ కూడా వేసుకోండి, దాన్ని లాగితే డెక్ మొత్తం పైకి వస్తుంది, కార్డుల అంచులు నలగవు.